సీ భాషలో ప్రీప్రాసెసర్ – 4వ పాఠం: షరతులతో కంపైల్ చేయడం

గత పాఠంలో #డిఫైన్‌తో మాక్రోలను, అంటే ప్రోగ్రాం కంపైలర్‌కు చేరేముందు దాన్ని సిద్ధం చేసే ప్రీప్రాసెసర్ వాటి విలువలతో మార్చే పేర్లను, నిర్వచించడం నేర్చుకున్నాం. ఆ మాక్రోలను బట్టి ప్రోగ్రాంలో ఏ భాగం కంపైలర్‌కు చేరాలో, ఏది చేరకూడదో నిర్ణయించే ఆదేశాలు ఈ పాఠంలో చూద్దాం. ఈ ఆదేశాలు చదువుకోవడానికి వీలుగా తెలుగు లిపిలో ఉన్నాయి. కంప్యూటర్‌లో మాత్రం ఇంగ్లిషు చిన్న అక్షరాలలోనే టైపు చేయాలి.

చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తోతాపురి కాయల లోడును తూచే కాటాకు ఒక ప్రోగ్రాం రాస్తున్నామనుకోండి. అది ఆఫీసులోని విండోస్ కంప్యూటర్‌లోనూ, కాటా పక్కనున్న లైనక్స్ బోర్డులోనూ పనిచేయాలి. కాటా తగిలించిన పోర్టును తెరవడానికి విండోస్‌లో క్రియేట్‌ఫైల్‌ను, లైనక్స్‌లో ఓపెన్‌ను పిలవాలి. ఇక్కడ మామూలు ఇఫ్ పనికిరాదు. ఎందుకంటే దాని రెండు శాఖలనూ కంపైలర్ చదువుతుంది, లైనక్స్‌లో విండోస్ హెడర్ ఫైలు దొరక్క అక్కడే ఆగిపోతుంది. అందుకే ఇలా రాస్తాం:

#ఇఫ్‌డెఫ్ _విన్32
    విండోస్ పద్ధతి
#ఎల్స్
    లైనక్స్ పద్ధతి
#ఎండిఫ్

_విన్32 నిర్వచించి ఉంటే పై భాగం, లేకుంటే #ఎల్స్ కింది భాగం కంపైలర్‌కు చేరుతుంది. ఈ మాక్రోను (ఇందులో విన్ ఇంగ్లిషు పెద్ద అక్షరాలలో ఉండాలి) విండోస్ కోసం పనిచేసే కంపైలర్లు తామే నిర్వచిస్తాయి. వదిలేసిన భాగం తయారైన ప్రోగ్రాంలో ఉండనే ఉండదు.

ఇక విలువలను పోల్చి చూసే #ఇఫ్ దగ్గర ఎంతో జాగ్రత్త అవసరం. కాటాల రకాలకు పాతకాటా, కొత్తకాటా అని, సీ భాషలో అంకెలకు పేర్లు పెట్టే ఈనమ్‌లో పేర్లు పెట్టి, కాటారకం అనే మాక్రోకు పాతకాటా విలువ ఇచ్చి, ఆపై

#ఇఫ్ కాటారకం == కొత్తకాటా

అని రాస్తే, ఆ షరతు నిజమే అవుతుంది. ఈనమ్ అన్నది కంపైలర్‌కు తెలిసిన విషయం, ప్రీప్రాసెసర్‌కు తెలియదు. తెలియని ప్రతి పేరునూ అది 0గా తీసుకుంటుంది కాబట్టి 0ను 0తో పోల్చి సరిపోయిందంటుంది. సాధారణంగా హెచ్చరిక కూడా రాదు కనుక, తప్పుడు తూకం బయటపడేదాకా పొరపాటు దాగే ఉంటుంది. అది రైతు కష్టార్జితానికి సంబంధించిన లెక్క. కాబట్టి #ఇఫ్‌లో పోల్చే పేర్లన్నిటినీ #డిఫైన్‌తోనే, వేర్వేరు విలువలతో నిర్వచించండి. జీసీసీ అనే కంపైలర్ వాడేవారు -డబ్ల్యూఅన్‌డెఫ్ ఆప్షన్ (డబ్ల్యూ పెద్ద అక్షరం) ఇస్తే, నిర్వచించని పేరు #ఇఫ్‌లో కనబడగానే హెచ్చరిస్తుంది. కాటారకం తప్పనిసరి అయితే, మాక్రో నిర్వచించి లేనప్పుడు నిజమయ్యే #ఇఫ్‌ఎన్‌డెఫ్ కింద #ఎర్రర్ పెట్టండి. అప్పుడు కాటారకం నిర్వచించకపోతే ప్రోగ్రాం కంపైల్ కాదు.

#ఇఫ్‌డెఫ్ మాత్రం విలువను చూడదు. మాక్రోకు 0 ఇచ్చినా, నిర్వచించి ఉంటే చాలు, షరతు నిజమవుతుంది.

అభ్యాసం: పై ఈనమ్ ఉదాహరణను టైపు చేసి, జీసీసీకి -ఈ ఆప్షన్ పెద్ద అక్షరంతో ఇచ్చి, ప్రీప్రాసెసర్ పని అయ్యాక ఏ భాగం మిగిలిందో చూడండి. తరువాత పేర్లను #డిఫైన్‌కు మార్చి మళ్లీ చూడండి. 5వ పాఠంలో ఒకే హెడర్ ఫైలు రెండుసార్లు చేరకుండా #ఇఫ్‌ఎన్‌డెఫ్‌తో కాపాడే పద్ధతి నేర్చుకుందాం.