కొత్త కార్లలో కూలెంట్: మూత తీయకుండానే చూడటం ఎలా

చుట్టాల్లో ఎవరు కారు కొన్నా బానెట్ కింద ఏది ఏమిటో చూపించే పని నాకే పడుతుంది. చాలా ఏళ్ళు షెడ్డులో గడిపినవాణ్ణి, తప్పదు. ఇంజిన్‌ని చల్లగా ఉంచే ద్రవం, అదే కూలెంట్, దాని దగ్గరికొచ్చేసరికి అందరూ అడిగేది ఒకటే: "బాబాయ్, రేడియేటర్ మూత ఏది?" రేడియేటర్ అంటే ఆ కూలెంట్ గాలికి చల్లబడే జల్లెడలాంటి భాగం. చాలా కొత్త బండ్లకి దాని మీద మూత ఉండదు. ఉన్నా దాని జోలికి వెళ్ళాల్సిన అవసరం లేదు. ఇప్పటి కార్లలో కూలెంట్ చెక్ చేయడమంటే కళ్ళతో చూడటం. మూత తీయడం చివరి పని, అదీ అవసరమైతేనే.

పాత బండ్లు నడిపి వచ్చినవాళ్ళకి ముందు ఒక సంగతి చెప్పాలి. అప్పట్లో ప్రెషర్ అంతా రేడియేటర్ మూత కింద ఉండేది. పక్కనున్న ప్లాస్టిక్ బాటిల్ ఉత్తదే, ఎప్పుడు తీసినా ఏమీ కాదు. ఆ అలవాటుతోనే కొత్త కారు బాటిల్ మూత కూడా తిప్పబోతారు. కానీ ఇప్పుడు చాలా మోడళ్ళలో ప్రెషర్ ఆ ప్లాస్టిక్ ట్యాంకులోనే ఉంటుంది. సగం కూలెంట్, సగం నీళ్ళు కలిపిన ద్రవం మామూలుగా అయితే 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత బిగించి ఉన్నప్పుడు ఆ ప్రెషర్‌కి సుమారు 125 డిగ్రీల దాకా మరగకుండా ఆగుతుంది. వేడిమీద మూత తీశారంటే ప్రెషర్ ఒక్కసారిగా పడిపోయి, అప్పటిదాకా కదలకుండా ఉన్నది ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతుంది. విజిల్ దిగకుండా కుక్కర్ మూత తీయం కదా, ఇదీ అంతే.

అందుకే పొద్దున్నే, బండి స్టార్ట్ చేయకముందు చూడండి. బండి ఎత్తుపల్లాలు లేని చోట ఉండాలి. కాసేపు తిప్పి ఆపిన బండి అయితే కొన్ని గంటలు వదిలేయండి. బానెట్ రేకు చల్లగా తగిలినంత మాత్రాన లోపల చల్లబడినట్టు కాదు. ఇంకొకటి, కొత్త కార్లలో రేడియేటర్ ఫ్యాన్ ఇంజిన్ ఆపాక కూడా దానంతటదే తిరగొచ్చు. వేలాడే బట్టలు, చేతులు దానికి దూరంగా ఉంచండి.

ఇక ట్యాంకు. బానెట్ ఎత్తితే ముందు కనిపించేది ఇంజిన్ మీది నల్ల ప్లాస్టిక్ కవర్. దాన్ని వదిలేయండి. ఇంజిన్‌కి ఒక పక్కనో, ఇంజిన్ వెనక, కారు ముందు అద్దం కింది గోడ దగ్గరో పాలరంగులో, లోపలున్నది మసకగా కనిపించే ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. కూలెంట్ రంగు గులాబీ, నీలం, ఆకుపచ్చ, ఊదా ఏదైనా కావచ్చు. మూత మీద ఆవిరి, చెయ్యి ఉన్న హెచ్చరిక బొమ్మో, అలల్లో థర్మామీటర్ బొమ్మో ఉంటుంది. నాకు అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు హోస్ పైపులు. కూలెంట్ ట్యాంకుకి అడుగున లావు పైపు, పైన సన్న పైపు తగిలించి ఉంటాయి.

తికమక పడేది రెండింటితో. ఒకటి వైపర్ నీళ్ళ ట్యాంకు. దాని మూత మీద అద్దం మీద నీళ్ళు చిమ్ముతున్న బొమ్మ ఉంటుంది, చాలావరకు నీలం రంగులో, వేలితో ఎత్తేసే రకం. పైకి దాని గొట్టం మూతి తప్ప ఇంకేమీ కనిపించదు. రెండోది బ్రేక్ ఆయిల్ డబ్బా. చిన్నది, సాధారణంగా డ్రైవర్ వైపు వెనక్కి ఉంటుంది, మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది. వైపర్ సబ్బు నీళ్ళు కూలెంట్‌లో పడితే నురగ, ఖర్చు. కూలెంట్ బ్రేక్ డబ్బాలో పడితే మాత్రం ఆ బండిని అక్కణ్ణుంచి ఒక్క అడుగు కూడా కదపకూడదు. అనుమానం ఉంటే మాన్యువల్‌లో ఇంజిన్ బొమ్మ ఉన్న పేజీ తీయండి.

జపాన్ కంపెనీల కార్లలో కొన్నిటికి ఇప్పటికీ రేడియేటర్ మూతా ఉంటుంది, పక్కన బాటిలూ ఉంటుంది. వాటిలోనూ లెవెల్ చూసేది బాటిల్లోనే.

ట్యాంకు పక్కన మిన్, మ్యాక్స్ అని గీతలు ఉంటాయి, కొన్నిటి మీద లో, ఫుల్ అని. చల్లగా ఉన్నప్పుడు లెవెల్ ఈ రెండింటి మధ్య ఎక్కడున్నా సరే. మిన్ గీతకి కాస్త పైన ఉందని కంగారుపడి నింపేయకండి. వేడెక్కితే అది ఉబ్బి పైకి వస్తుంది, ఆ ఖాళీ ఉన్నది అందుకే. నిండుగా పోస్తే మిగిలింది మూత దగ్గరనుంచి కక్కేస్తుంది, మీరేమో లీక్ అనుకుంటారు. కాస్త పాతబడిన ట్యాంకు లోపల మరక గీత పడుతుంది, దాన్నే లెవెల్ అనుకునేవాళ్ళు చాలామంది. ట్యాంకు వెనకనుంచి ఫోన్ టార్చి వేసి, బండిని చేత్తో మెల్లగా ఊపండి. కదిలేది ద్రవం, కదలనిది మరక.

చూశాక ఒక ఫొటో తీసి పెట్టుకోండి. నెలకోసారి అదే చోటునుంచి ఇంకోటి. షెడ్డుకి వచ్చి "ఎప్పుడూ ఇంతే ఉంటుందండీ" అనేవాళ్ళ మాటకన్నా ఆ ఫొటోలు మెకానిక్‌కి ఎక్కువ చెబుతాయి. ఇది మూసి ఉన్న సిస్టమ్, పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. ఒకసారి పోశాక మళ్ళీ దిగుతూ ఉంటే ఎక్కడికో పోతోందన్నమాట. పైపుల అతుకుల దగ్గర, వాటర్ పంప్ దగ్గర, రేడియేటర్ పక్క ప్లాస్టిక్ అంచుల్లో గులాబీ, తెలుపు పొక్కులా ఎండిన మరకలున్నాయేమో చూడండి. లోపల కూర్చుంటే తియ్యటి వాసన, అద్దం మీద జిడ్డు మంచు, ముందు సీటు కింద కార్పెట్ తడి, ఇవి హీటర్ దగ్గర కారుతున్న గుర్తులు. బయట ఎక్కడా చుక్క లేదు, లెవెల్ మాత్రం దిగుతోంది, బండి వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్ల పొగ ఆగట్లేదు అంటే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయిందని అనుమానం. కూలెంట్ పోసుకుంటూ నడపొద్దు, షెడ్డుకి తీసుకెళ్ళండి. ఏసీ వేసినప్పుడు కారు కింద కారే రంగులేని నీళ్ళకి మాత్రం టెన్షన్ పడక్కర్లేదు. అది ఏసీ నీరు. కూలెంట్ అయితే రంగు ఉంటుంది, వేళ్ళకి జారుడుగా తగులుతుంది.

డ్యాష్‌బోర్డు ముల్లు మధ్యలోనే ఉంది కదా, ఇక బానెట్ ఎందుకు ఎత్తాలి అంటారు కొందరు. ఆ ముల్లు చెప్పేది వేడి గురించి, లెవెల్ గురించి కాదు. వేడి కొంత అటూ ఇటూ అయినా ముల్లు మధ్యలోనే నిలబడేలా చాలా కొత్త కార్లలో ముందే సెట్ చేసి పెడతారు. కొన్నిటికి ముల్లే లేదు, చల్లగా ఉంటే నీలం లైటు, మితిమీరితే ఎర్ర లైటు, అంతే. కూలెంట్ మరీ తగ్గి సెన్సర్ ఉత్త గాలిలో మిగిలిపోతే ఆ లెక్క కూడా తప్పొచ్చు.

పోయాల్సి వస్తే రంగు చూసి కొనకండి. టొయోటాది గులాబీ, హోండాది నీలం, ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళ జీ13 అనే రకం ఊదా. కానీ గులాబీ రంగున్న ప్రతిదీ టొయోటాకి సరిపోదు. రంగు కంపెనీ కలిపేది, దానికి ఏ ప్రమాణమూ లేదు. లోపలి రసాయనాలు పడని రెండు రకాలు కలిస్తే తుప్పు ఆపే గుణం పోతుంది, కొన్నిసార్లు జిగురులా గడ్డకడుతుంది. మాన్యువల్‌లో రాసిన స్పెసిఫికేషన్ డబ్బా మీద ఉందో లేదో చూడండి. అలాగే అది ముందే నీళ్ళు కలిపి అమ్మేదా, చిక్కటిదా అన్నది. చిక్కటిదైతే డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలపాలి. చిక్కగా పోస్తే ఇంకా బాగా చల్లబరుస్తుందనుకోవడం తప్పు, వేడిని మోసే పని నీళ్ళే బాగా చేస్తాయి. కొళాయి నీళ్ళలో ఉప్పులు ఉంటాయి, అల్యూమినియాన్ని తినేస్తాయి. దారిలో గత్యంతరం లేక మంచినీళ్ళు పోసినా, తర్వాత మెకానిక్‌కి ఆ మాట చెప్పండి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక మూత మీద గుడ్డ వేసి కొంచెమే తిప్పండి. బుస్సుమంటే ఆగి, ఆ చప్పుడు పోయాక తీయండి. కొద్దికొద్దిగా పోసి, మ్యాక్స్‌కి కిందే ఆపి, మూత గట్టిగా ఆగేదాకా బిగించండి. ఒలికింది వెంటనే కడిగేయండి. ఇందులో ఉండే ఎథిలిన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం, పిల్లలూ కుక్కలూ నాకితే ప్రాణం మీదికొస్తుంది.

హైబ్రిడ్ బండ్లలో, కొన్ని టర్బో కార్లలో రెండు ట్యాంకులు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. రెండోది హైబ్రిడ్‌లో మోటారుకి కరెంటు మార్చి ఇచ్చే ఇన్వర్టర్‌కో, టర్బోలో ఇంజిన్‌లోకి వెళ్ళే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కో. రెండింటి లెవెలూ చూడాలి. ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీకి కూడా కూలెంట్ ఉంటుంది, కొన్నిటిలో కరెంటు తక్కువ పారే ప్రత్యేక రకం వాడతారు. అక్కడ లెవెల్ మిన్ కిందికి దిగిందంటే మీరేమీ పోయకండి, నారింజ రంగు వైర్లు హై వోల్టేజీవి, వాటి దగ్గర చెయ్యి పెట్టకండి. ఫొటో తీసి సర్వీస్ సెంటర్‌కి పంపి, బండి నడపొచ్చా అని వాళ్ళనే అడగండి.