జర్మన్ రైతు పూర్వీకుల హోమ్‌స్టెడ్ ఫైలు: అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌కు దరఖాస్తు విధానం

జర్మనీ నుంచి అమెరికా వెళ్ళి సేద్యం చేసిన కుటుంబాల మూలాలు వెతికేవారు చాలామంది ముందుగా ఓడ ప్రయాణికుల జాబితాల మీద పడతారు. రైతు కుటుంబమైతే మొదట అడగాల్సింది భూమి ఫైలు. స్థిరపడి సాగుచేసేవారికి ప్రభుత్వ భూమి ఇచ్చిన 1862 మే 20 నాటి హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలకు అర్జీ పెట్టే మనిషి అమెరికా పౌరుడై ఉండాలి, లేదంటే పౌరసత్వం తీసుకుంటానని కోర్టులో ప్రకటన ఇచ్చి ఉండాలి. అయిదేళ్ళు ఆ నేల మీదే కాపురముండి, సాగుచేసి, పట్టా అడిగే నాటికి పూర్తి పౌరసత్వం చూపించాలి. అందుకే వలస రైతు పౌరసత్వ కాగితం నకలు ఈ ఫైల్లోకి చేరింది. 1906 సెప్టెంబరు 27కు ముందు స్థానిక కోర్టులు కూడా పౌరసత్వం ఇచ్చేవి. ఏ కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఏ కోర్టు అన్నది తెలియక ఆగిపోయినవారికి ఈ నకలే దారి చూపిస్తుంది.

ఫైల్లో ఇంకా చాలా ఉంటుంది. తుది నిరూపణ, అంటే చట్టం షరతులు తీర్చానని పట్టాకు ముందు ఇచ్చే వాంగ్మూలంలో రైతు ఎప్పుడు వచ్చి స్థిరపడ్డాడు, ఇల్లు ఎన్ని అడుగులు, బావి ఉందా, ఎన్ని ఎకరాలు దున్నాడు, ఏ పంటలు వేశాడు, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు అన్న వివరాలు వస్తాయి. ఇద్దరు సాక్షుల వాంగ్మూలాలూ ఉంటాయి. ఆ సాక్షుల పేర్లు తప్పకుండా రాసిపెట్టుకోండి. జర్మన్ రైతులు తరచు ఒకే ఊరివాళ్ళు కలిసి వెళ్ళి పక్కపక్కనే భూమి పట్టారు. మీ పూర్వీకుడి ఊరు ఎక్కడా దొరకనప్పుడు సాక్షి ఊరి నుంచి వెతుక్కుంటూ రావచ్చు.

దరఖాస్తుకు ముందు ఒక్క విషయం చూసుకోవాలి: ఆ రాష్ట్రంలో భూమి మొదట ఫెడరల్ ప్రభుత్వానిదేనా? నెబ్రాస్కా, కాన్సస్, డకోటాలు, మిన్నెసోటా, విస్కాన్సిన్ అలాంటివే. పెన్సిల్వేనియా, టెక్సస్ కావు. టెక్సస్‌లోని న్యూ బ్రాన్‌ఫెల్స్, ఫ్రెడరిక్స్‌బర్గ్ ప్రాంతపు జర్మన్ కుటుంబాల తొలి భూమి కాగితాలకు ఆస్టిన్‌లోని రాష్ట్ర జనరల్ ల్యాండ్ ఆఫీసును అడగాలి.

ముందు నంబరు పట్టుకోవాలి

బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ వారి జనరల్ ల్యాండ్ ఆఫీస్ రికార్డుల వెబ్‌సైటులో రాష్ట్రం, కౌంటీ, ఇంటిపేరు ఇచ్చి ఉచితంగా వెతకవచ్చు. అక్కడ పేటెంట్ దొరుకుతుంది. పేటెంట్ అంటే ప్రభుత్వం ఇచ్చిన తొలి పట్టా. అది ఫైలు కాదు, ఫైలుకు తాళంచెవి. దాని నుంచి ఇవి ఎత్తి రాసుకోండి: పేటెంట్ మీద ఉన్న పూర్తి పేరు, రాష్ట్రం, ల్యాండ్ ఆఫీసు (అర్జీలు తీసుకున్న ప్రాంతీయ ప్రభుత్వ కార్యాలయం) పేరు, డాక్యుమెంట్ నంబరు, ఏ చట్టం కింద ఇచ్చారు, తేదీ, భూమి వివరణ.

భూమి వివరణ ఇలా ఉంటుంది: వాయవ్య పాతిక, సెక్షన్ 14, టౌన్‌షిప్ 5 ఉత్తరం, రేంజ్ 3 తూర్పు, ఆరో ప్రధాన మెరిడియన్. మన సర్వే నంబరు లాంటిదే ఇది, ఒక్క అక్షరం తప్పినా పొలం మారిపోతుంది. మెరిడియన్ అంటే సర్వేకు మూలమైన ఉత్తర దక్షిణ గీత. దాని నుంచి తూర్పు పడమరల లెక్క రేంజ్, అడ్డంగా గీసిన మూల గీత నుంచి ఉత్తర దక్షిణాల లెక్క టౌన్‌షిప్. ఆరో మెరిడియన్‌లో టౌన్‌షిప్ లెక్క నెబ్రాస్కా, కాన్సస్ సరిహద్దు గీత నుంచే మొదలవుతుంది. ఉత్తరం బదులు దక్షిణం అని రాస్తే నెబ్రాస్కా పొలం కాన్సస్‌కు పోతుంది. సెక్షన్ 640 ఎకరాలు, అందులో పాతిక 160.

పేరుతో దొరక్కపోతే అక్షరక్రమం మార్చి చూడండి. ముల్లర్ మిల్లర్‌గా, ష్మిట్ స్మిత్‌గా, కోఖ్ కుక్‌గా మారిన ఇళ్ళు లెక్కలేనన్ని. అప్పటికీ రాకపోతే పేరు వదిలేసి, కౌంటీ పాత ప్లాట్ మ్యాపులో (పొలాల హద్దులు, యజమానుల పేర్లు చూపే పటం) పొలం గుర్తించి, సెక్షన్, టౌన్‌షిప్, రేంజ్ ఇచ్చి వెతకండి. గడువు పూర్తికాకముందే రైతు చనిపోతే భార్య ఆ నిరూపణ పూర్తిచేసేది. అప్పుడు పేటెంట్ ఆమె పేరునో, వారసుల పేరునో ఉంటుంది.

ఆర్డరు పెట్టడం

ఫైళ్ళు వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో 49వ రికార్డ్ గ్రూపులో ఉన్నాయి. ఆర్కైవ్స్ వెబ్‌సైటులో ప్రతులు ఆర్డరు చేసే విభాగంలో ఖాతా తెరిచి, ల్యాండ్ ఎంట్రీ ఫైళ్ళను ఎంచుకోవాలి. ఎన్ఏటీఎఫ్ 84 అనే ఫారం దీనికి సంబంధించినదే. ఒక్కో ఫైలుకు రుసుము 50 డాలర్లు. చెల్లించే రోజు తెరమీద కనిపించేదే చెల్లుబాటయ్యే రేటు. ఒకే మనిషికి రెండు పేటెంట్లు ఉంటే రెండు ఆర్డర్లు.

1908 జూలై 1 నుంచి వచ్చిన పేటెంట్లకు దేశమంతటికీ ఒకే వరుస నంబర్లు, కాబట్టి పేటెంట్ నంబరు చాలు. అంతకుముందువాటికి ప్రతి ల్యాండ్ ఆఫీసూ తన నంబర్లు తానే ఇచ్చుకుంది. 2,316 అనే నంబరు డజను ఆఫీసుల్లో ఉండవచ్చు. అందుకే ఆఫీసు పేరు, భూమి వివరణ రాయకుండా పంపిన దరఖాస్తు వెనక్కి వస్తుంది.

ఎక్కువమంది తప్పేది ఇంకోచోట. పాత హోమ్‌స్టెడ్‌కు రెండు నంబర్లుంటాయి: అర్జీ పెట్టినప్పటి నంబరు, నిరూపణ తర్వాత ఇచ్చిన ఫైనల్ సర్టిఫికెట్ నంబరు. పట్టా వచ్చిన ఫైలును రెండో నంబరు కింద భద్రపరిచారు. ఇంట్లో దాచిన పాత రసీదు మీద ఉన్నది తరచు మొదటి నంబరు. దాన్ని ఫారంలో రాస్తే వేరే మనిషి ఫైలు రావచ్చు.

అలాగే పేటెంట్ మీద నగదు అమ్మకం అని ఉంటే తొందరపడి వదిలేయకండి. అయిదేళ్ళు ఆగలేక ఎకరాకు 1.25 డాలర్లు చొప్పున కట్టి ముందే పట్టా తీసుకున్న హోమ్‌స్టెడ్లూ నగదు ఫైళ్ళలోనే చేరాయి, వాటిలో కాగితాలు నిండుగా ఉంటాయి. మొదటి నుంచీ కొనుగోలే అయితే మాత్రం ఫైల్లో రసీదు తప్ప పెద్దగా ఏమీ ఉండదు.

నెబ్రాస్కా ఫైళ్ళు స్కాన్ అయి ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఆ రాష్ట్రానికి డబ్బు కట్టేముందు ఫోల్డ్3, యాన్సెస్ట్రీ వెబ్‌సైట్లు చూడండి.

పేటెంటే లేకపోతే

రెండు కారణాలు ముందు ఆలోచించండి. కరువుకో, 1874 మిడతల దండుకో తట్టుకోలేక భూమి వదులుకొని ఉండవచ్చు. రద్దయిన అర్జీకీ ఫైలుంది, అందులో పౌరసత్వ ప్రకటన ఉండే అవకాశమూ ఉంది. దాని అర్జీ నంబరు ట్రాక్ట్ పుస్తకాల్లో, అంటే భూమి వరుసలో అర్జీలు నమోదుచేసిన పుస్తకాల్లో వెతకాలి. వాటి చిత్రాలు ఫ్యామిలీసెర్చ్ వెబ్‌సైటులో ఉచితం. రెండో కారణం రైల్వే భూమి. రైలు మార్గాల పొడవునా బేసి సంఖ్య సెక్షన్లను ప్రభుత్వం రైల్వే కంపెనీలకిచ్చింది. రష్యా నుంచి వచ్చిన జర్మన్ మెన్నొనైట్లు (ఒక ప్రొటెస్టెంట్ క్రైస్తవ శాఖవారు) 1874లో కాన్సస్‌లో సాంటా ఫే రైల్వే దగ్గర కొన్న భూములు ఇలాంటివే. సెక్షన్ నంబరు బేసి అయితే కౌంటీ రిజిస్టర్ ఆఫ్ డీడ్స్‌కు (భూమి దస్తావేజుల కార్యాలయం) రాయండి, వాషింగ్టన్‌కు కాదు.

1906 తర్వాతి పౌరసత్వం

1906 సెప్టెంబరు 27 నుంచి 1956 మార్చి 31 వరకు పౌరసత్వం పొందినవారి సి-ఫైళ్ళు (పౌరసత్వ ఫైళ్ళు) అమెరికా పౌరసత్వ, వలస వ్యవహారాల సంస్థ యూఎస్‌సీఐఎస్ జీనియాలజీ (వంశ పరిశోధన) విభాగంలో దొరుకుతాయి. ఫైలు నంబరు తెలియకపోతే ముందు జీ-1041 ఫారంతో సూచిక వెతికించాలి, తెలిస్తే నేరుగా జీ-1041ఏ. ఒక్కోదానికి ఆన్‌లైన్‌లో 30 డాలర్లు, కాగితం మీద 80. పుట్టి వందేళ్ళు నిండని మనిషైతే మరణ ధ్రువీకరణ జతచేయాలి. పాత పౌరసత్వ కాగితాల్లో ఊరి పేరు అరుదు. కానీ మెక్లెన్‌బర్గ్-ష్వెరిన్ గ్రాండ్ డ్యూక్‌కో, వుర్టెంబర్గ్ రాజుకో విధేయత వదులుకుంటున్నానని రాసి ఉంటే వెతకాల్సిన ప్రాంతం ఒక్కసారిగా చిన్నదవుతుంది.

జర్మనీ వైపు

ఊరు తెలిశాకే జర్మనీకి రాయాలి. అక్కడ పౌర రిజిస్టర్లు ప్రష్యాలో 1874 అక్టోబరు 1న, దేశమంతటా 1876 జనవరి 1న మొదలయ్యాయి. రిజిస్ట్రీ ఆఫీసు జనన నమోదులను 110 ఏళ్ళు, వివాహాలను 80, మరణాలను 30 ఏళ్ళు ఉంచుకొని, ఆపైన ఆర్కైవ్‌కు అప్పగిస్తుంది. గడువు లోపలి జనన నమోదు కావాలంటే నేరుగా సంతతివారై ఉండాలి, ఆ వంశక్రమాన్ని ధ్రువపత్రాలతో చూపాలి. గడువు దాటినవి ఎవరైనా అడగవచ్చు. 1876కు ముందు బయల్దేరిన రైతులకు చాలావరకు చర్చి రిజిస్టర్లే ఆధారం: ప్రొటెస్టెంటువి ఎక్కువగా ఆర్కియాన్ వెబ్‌సైటులో రుసుముతో, కేథలిక్కువి మాట్రికులా వెబ్‌సైటులో ఉచితంగా.

ఉత్తరం జర్మన్ భాషలో, ఒకే వ్యక్తి గురించి, పేరు, పుట్టిన తేదీ, మతం, తల్లిదండ్రుల పేర్లు ఇచ్చి రాయండి. కుటుంబం మొత్తం సమాచారం పంపమంటే జవాబు రావడం కష్టం. ఊరు పొమెరానియాలోనో, పోజెన్‌లోనో, సైలీషియాలోనో ఉంటే అది నేడు ఎక్కువగా పోలండ్‌లో ఉంటుంది. అప్పుడు ముందు రాయాల్సింది అక్కడి ప్రభుత్వ ఆర్కైవ్స్‌కు. తూర్పు ప్రాంతాల రిజిస్టర్లు కొన్ని బెర్లిన్ ఒకటో నంబరు రిజిస్ట్రీ ఆఫీసుకూ చేరాయి, పోలండ్‌లో లేదంటే అక్కడ అడగండి.