ట్రయాథ్లాన్ రన్‌లో నడక మొదలైందా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

రేసయ్యాక కొందరు "నడిచాను" అంటారు, కొందరు "నడవాల్సొచ్చింది" అంటారు. మొదటివాళ్లు ఎక్కడ, ఎంతసేపు నడవాలో ఇంటి దగ్గరే లెక్కేసుకుని వచ్చారు. రెండోవాళ్లు సైకిల్ మీద చేసిన అప్పు రన్‌లో వడ్డీతో కడుతున్నారు. నా మొదటి హాఫ్‌లో, అంటే సగం దూరపు ట్రయాథ్లాన్‌లో, నేను రెండో బాపతు. అప్పటి నుంచి నడక వచ్చినప్పుడల్లా ఎందుకొచ్చిందో రాసి పెట్టుకోవడం అలవాటైంది. ఆ రాతలే ఇవి.

ముందు గడియారం లెక్క

ఫుల్ డిస్టెన్స్ అంటే 3.8 కి.మీ. ఈత, 180 కి.మీ. సైకిల్, 42.2 కి.మీ. పరుగు. చాలా రేసుల్లో మొదలైన 10 గంటల 30 నిమిషాల్లోపు సైకిల్ దిగాలి, 17 గంటల్లోపు ఫినిష్ దాటాలి. అంటే సైకిల్ కటాఫ్ అంచున దిగినవాడికి కూడా ఆరున్నర గంటలు మిగులుతాయి. కిలోమీటరుకు 9 నిమిషాల 14 సెకన్లు. బూట్లు మార్చుకునే టైము కూడా ఇందులోంచే పోతుంది. వడివడిగా నడిస్తే కష్టంగానైనా సాధ్యమే.

హాఫ్‌లో అలా కుదరదు. సాధారణంగా సైకిల్ కటాఫ్ 5 గంటల 30 నిమిషాలు, మొత్తం 8 గంటల 30 నిమిషాలు. అంచున దిగితే 21.1 కిలోమీటర్లకు మూడే గంటలు, కిలోమీటరుకు 8 నిమిషాల 32 సెకన్లు. అది గంటకు 7 కి.మీ. పైమాట. ఆ వేగంతో మూడు గంటలు నడిచేవాళ్లు అరుదు. "హాఫే కదా, చివర్లో నడిచేద్దాంలే" అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. నడిచి గట్టెక్కే వీలు ఎక్కువగా ఉన్నది ఫుల్‌లోనే.

మీ నడక వేగం ఎంతో తెలుసా? చాలామందికి తెలియదు. నెక్లెస్ రోడ్డు మీద 5 కి.మీ. గబగబా నడిచి వాచీ చూస్తే నాకు కిలోమీటరుకు 10:20 వచ్చింది. 9 లోపే ఉంటుందనుకున్నాను. సైకిల్ దిగిన కాళ్లతో అయితే ఇంకా తగ్గుతుంది.

లక్షణం 1: సైకిల్ దిగగానే కాళ్లు కట్టెలైపోయాయి

ఒకటి రెండు కిలోమీటర్లలో సర్దుకుంటే కంగారు పడక్కర్లేదు. గంటల తరబడి ఒకే భంగిమలో తొక్కిన కండరాలు పరుగుకు అలవాటు పడటానికి ఆ మాత్రం టైము తీసుకుంటాయి. అడుగులు చిన్నవి చేయండి, వాచీలో పేస్ (కిలోమీటరుకు పట్టే టైము) చూడకండి. దారిలో నీళ్లు, తిండి ఇచ్చే మొదటి ఎయిడ్ స్టేషన్‌లో ఒక నిమిషం నడవండి.

నాలుగో కిలోమీటరు దాటినా అలాగే ఉంటే మాత్రం కారణం సైకిల్‌లోనే ఉంది. తొక్కే బలాన్ని కొలిచే పవర్ మీటర్ ఉన్నవాళ్లు ఫైల్ తెరిచి చూడండి. ఫుల్‌లో ఔత్సాహికులకు ఎఫ్‌టీపీలో (సుమారు గంటసేపు నిలబెట్టగల గరిష్ఠ పవర్‌లో) సుమారు 65 నుంచి 75 శాతం సరిపోతుంది. సగటు అంతే ఉన్నా ప్రతి ఎత్తు మీదా, ఎవరైనా దాటినప్పుడల్లా గట్టిగా తొక్కి ఉంటే కాళ్లు అయిపోయినట్టే. మీటర్ లేనివాళ్లకు ఒక గుర్తు: మొదటి 60 కిలోమీటర్లు "ఇంత నెమ్మదిగానా" అనిపించాలి. అలా అనిపించకపోతే వేగం ఎక్కువే.

రేసులో దీనికి మందు లేదు. 4 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక పద్ధతికి వెంటనే మారిపోండి. ఇంకా ఓపిక ఉన్నప్పుడే మారాలి. అమెరికా తరఫున 1972 ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లు పరుగెత్తిన జెఫ్ గాలోవే మారథాన్ వాళ్లకు దశాబ్దాలుగా నేర్పిన సూత్రం ఇదే: అలసట రాకముందే నడవడం. ఎంత నష్టమో చూద్దాం. కిలోమీటరుకు 7 నిమిషాల చొప్పున పరుగెత్తుతూ, 10 నిమిషాల చొప్పున నడిస్తే, 5 నిమిషాల్లో 671 మీటర్లు వెళ్తారు. సగటు 7:27. మొత్తం మారథాన్ మీద పోయేది 19 నిమిషాలు. 25వ కిలోమీటరు దగ్గర కూలబడి మిగతా 17 కి.మీ. ఈడ్చుకుంటూ నడిస్తే 50 నిమిషాలకు పైనే పోతాయి.

తర్వాతి రేసుకి: వారానికోసారి సైకిల్ దిగిన వెంటనే 20-30 నిమిషాలు పరుగెత్తండి. హైదరాబాద్ వాళ్లకు ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ కప్పు కింద 23 కి.మీ. సైకిల్ ట్రాక్ ఉంది. బూట్లు కారులో పెట్టుకు వెళ్తే సరి.

లక్షణం 2: కాళ్లు బాగానే ఉన్నాయి, మనిషే ఆరిపోయాడు

ఒక కిలోమీటరు ముందు వరకు మాట్లాడుతున్నవాడు ఒక్కసారిగా మౌనమైపోతాడు. ఎండలోనూ చలిగా ఉంటుంది, చిరాకు, ఊరికే ఏడుపొస్తుంది. మూడు కిలోమీటర్లు దాటామా నాలుగా అన్నది లెక్క తప్పుతుంది. ఇది గ్లైకోజన్, అంటే ఒంట్లో దాచుకున్న పిండి ఇంధనం, అయిపోవడం. మనవాళ్లలో నేను ఎక్కువగా చూసేది దీన్నే, ఎందుకంటే సైకిల్ మీద తినడం మనకు అలవాటు లేదు. పొద్దున రెండు ఇడ్లీలు, 90 కిలోమీటర్లకు ఒక అరటిపండు! గంటకు 60 నుంచి 90 గ్రాముల కార్బోహైడ్రేట్ పడాల్సిన చోట 20 పడితే ఏమవుతుంది?

పరిష్కారం: ఆపకుండా నడవండి. కూర్చుంటే లేవడం కష్టం. ఎయిడ్ స్టేషన్‌లో కోలా దొరికితే చిన్న గుక్కల్లో తాగండి, తర్వాతి స్టేషన్‌లో మళ్లీ. పది పదిహేను నిమిషాల్లో ప్రపంచం మళ్లీ రంగుల్లోకి వస్తుంది. వచ్చింది కదా అని పాత పేస్‌కి వెళ్లకండి. వేసిన చక్కెర రెండు కిలోమీటర్లలో ఖర్చయిపోతుంది. ప్రతి స్టేషన్‌లో ఏదో ఒకటి నోట్లో పడుతూనే ఉండాలి.

ఎంత పెద్దవాళ్లకైనా ఇది తప్పలేదు. 1995లో హవాయి ఐరన్‌మ్యాన్ అనే ఫుల్ డిస్టెన్స్ రేసులో పౌలా న్యూబీ ఫ్రేజర్ ఆధిక్యంలో ఉంది. అప్పటికే ఏడుసార్లు గెలిచిన మనిషి. వెనక కారెన్ స్మైయర్స్ తరుముకొస్తుంటే ఎయిడ్ స్టేషన్లు వదిలేసి పరుగెత్తింది. ఫినిష్ కొన్ని వందల మీటర్లుందనగా రోడ్డు మీద కూలిపోయింది. సుమారు 20 నిమిషాలు అక్కడే పడి ఉండి, తేరుకుని, బూట్లు లేకుండా నడుచుకుంటూ వెళ్లి నాలుగో స్థానంలో ముగించింది. మరుసటి ఏడాది ఎనిమిదోసారి గెలిచింది.

లక్షణం 3: కడుపులో నీళ్లు బిందెలో తొణికినట్టు తొణుకుతున్నాయి

త్రేన్పులు, ఉబ్బరం, వాంతి వచ్చేలా ఉండటం. తాగింది కడుపు దాటి కిందికి పోవడం లేదు. గట్టిగా శ్రమిస్తున్నప్పుడు, పైగా ఎండలో, రక్తం కండరాలకూ చర్మానికీ మళ్లి పేగులకు తగ్గుతుంది. దాని మీద జెల్లు (చిన్న ప్యాకెట్లలో వచ్చే చిక్కటి చక్కెర పాకం), దాని మీద తీపి డ్రింకు పోస్తే లోపల పాకమే. జెల్ వేసుకుంటే వెంట మామూలు నీళ్లే తాగాలి.

దీనికి నడకే అసలు మందు. వేగం తగ్గిస్తే పేగులకు రక్తం తిరిగొస్తుంది. 10 నిమిషాలు ఏమీ వేయకుండా నెమ్మదిగా నడవండి. తర్వాత గుక్కెడు నీళ్లు, ఆపైన చిటికెడు ఉప్పు అద్దిన ఉడికించిన ఆలుగడ్డ ముక్క దొరికితే అది. వాంతయితే సిగ్గు పడాల్సింది లేదు, చాలామందికి ఆ తర్వాతే పరుగొస్తుంది. నొప్పి మాత్రలు మాత్రం వద్దు. ఐబుప్రొఫెన్ లాంటివి ఇలాంటప్పుడు కడుపునూ కిడ్నీలనూ ఇంకా ఇబ్బంది పెడతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకుంటే, తలనొప్పి, వాంతి, మాట తడబాటు ఉంటే అది ఎక్కువ నీళ్లు తాగడం వల్ల రక్తంలో సోడియం పలచబడటం కావచ్చు. పక్కవాళ్లు డీహైడ్రేషన్ అనుకుని ఇంకో బాటిల్ అందిస్తారు. తీసుకోకండి. నేరుగా మెడికల్ టెంట్‌కి వెళ్లండి.

లక్షణం 4: నడుస్తున్నా గుండె వేగం దిగడం లేదు

ఇది వేడి. సముద్రతీరపు రేసుల్లో ఉక్క ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. నీళ్లు తాగడంతో పాటు ఒంటి మీద పోసుకోండి. ఐసు దొరికితే టోపీలో, ట్రైసూట్ (మూడింటికీ వేసుకునే ఒంటికి అతుక్కునే దుస్తులు) ముందు భాగంలో వేసుకోండి, ఒక ముక్క గుప్పిట్లో పట్టుకోండి. నీడ ఉన్న చోట పరుగు, ఎండ ఉన్న చోట నడక. గుండె వేగం దిగాకే మళ్లీ పరుగు.

అడుగులు తూలుతున్నా, పేరడిగితే జవాబు తడబడుతున్నా ఆ రోజుకి రేసు అయిపోయింది. చెమట పోస్తోంది కాబట్టి పర్వాలేదనుకోవద్దు. వడదెబ్బలో చెమట పోస్తూనే ఉండొచ్చు.

లక్షణం 5: పిక్కలు, తొడలు పట్టేశాయి

ఆగి, పట్టేసిన కండరాన్ని నెమ్మదిగా సాగదీసి, నడిచి, మళ్లీ మొదలుపెట్టండి. అందరూ ఉప్పు మాత్ర అంటారు. అలవాటు లేని వేగంతో అలసిన కండరం పట్టేయడమే నాకు ఎక్కువగా కనిపించింది. పచ్చడి రసం లాంటి పుల్లటిది ఒక గుక్క కొందరికి వెంటనే పనిచేస్తుంది.

బొబ్బలైతే మొదటి మంటకే ఆగి సాక్సు విప్పి ఇసుక దులపండి. రెండు నిమిషాలు పోతాయి, పోనివ్వండి.

లక్షణం 6: ఏమీ కాలేదు, అయినా నడుస్తున్నాను

ఒప్పుకోవడానికి కష్టమైనది ఇదే. ఒళ్లు బాగానే ఉంది, ముందువాడు నడుస్తుంటే మనమూ నడిచాం. రెండు నిమిషాలనుకున్నది పది అయింది. దీనికి నేను పెట్టుకున్న నియమం: నడక ఎయిడ్ స్టేషన్ మొదటి టేబుల్ దగ్గర మొదలై చివరి చెత్తబుట్ట దగ్గర ముగియాలి. కప్పు బుట్టలో పడిందంటే పరుగు. చేతిలో కప్పు ఖాళీ అయ్యాక ఇక సాకు ఉండదు.

ఇక చివరిదాకా నడకే గతి అయితే

ఐరన్‌మ్యాన్ నియమాల్లో పరుగు, నడక, పాకడం మూడూ చెల్లుతాయి. 1982లో జూలీ మాస్ ఆఖరి మీటర్లు పాకుతూ రెండో స్థానంలో ముగించింది. కాబట్టి నడవడంలో తప్పేం లేదు, నడిచే తీరులోనే ఉంది. మోచేతులు మడిచి వెనక్కి ఊపండి, అడుగులు చిన్నగా, త్వరత్వరగా వేయండి. ఫోన్ చూసుకుంటూ షికారులా నడిస్తే కిలోమీటరుకు 12 నిమిషాలవుతుంది, 42 కిలోమీటర్లకు ఎనిమిదిన్నర గంటలు.

ఇంకోటి, ఫుల్ చేసేవాళ్లు స్పెషల్ నీడ్స్ బ్యాగులో (రేసు మధ్యలో అందుకునేందుకు ముందే ఇచ్చి పెట్టే మన సంచిలో) పొడుగు చేతుల పల్చటి చొక్కా ఒకటి పడేయండి. పొద్దుగూకాక పరుగెత్తేవాళ్లకు తెలియదు గానీ, తడిసిన ట్రైసూట్‌తో నడిచేవాడికి వణుకు పుడుతుంది.