రీకాల్ అప్‌డేట్‌కి కారు ఇచ్చే ముందే ఇవి రాసి పెట్టుకోండి

షోరూం నుంచి ఫోన్ చేసి "మీ బండికి రీకాల్ ఉంది సార్, చిన్న సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అంతే" అంటే వెంటనే తాళం ఇచ్చేయకండి. రీకాల్ అంటే తయారీలో లోపం ఉన్న బండ్లని కంపెనీ వెనక్కి పిలిపించి సరిచేయడం. బండి ఇప్పుడు ఎలా నడుస్తోందో ముందు రికార్డు చేసుకోండి. తర్వాత పికప్ పోయింది, మైలేజ్ పడిపోయింది అని ఎంత మొత్తుకున్నా, అంతకుముందు ఎంత ఉండేదో చూపించలేకపోతే "ఈ మోడల్ అన్నీ ఇంతే సార్" అని పంపించేస్తారు. బ్రేకు, ఎయిర్‌బ్యాగ్, స్టీరింగ్, ఇంధనం లీకు లాంటి రీకాల్ అయితే మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి వెంటనే వెళ్ళిపోండి, అది ప్రాణాలకి సంబంధించిన విషయం.

ఓనర్ల భయానికి కారణం ఉంది. ఫోక్స్‌వ్యాగన్ డీజిల్ వ్యవహారం 2015 సెప్టెంబర్‌లో అమెరికాలో బయటపడింది, టెస్టులో ఉన్నప్పుడు మాత్రం పొగ తగ్గించి రోడ్డు మీద వదిలేసే సాఫ్ట్‌వేర్ అది. అదే ఏడాది డిసెంబర్‌లో మన దేశంలోనూ ఈఏ189 అనే డీజిల్ ఇంజిన్ ఉన్న ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడి బండ్లు సుమారు 3.23 లక్షలు రీకాల్‌కి వచ్చాయి. అప్‌డేట్‌తో పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు అనే హానికర వాయువులు తగ్గించాలంటే ఆ పొగలో కొంత భాగాన్ని మళ్ళీ ఇంజిన్‌లోకి తిప్పాలి, అలా ఎక్కువ తిప్పితే మసి పేరుకుంటుంది, పొగని అలా తిప్పే ఈజీఆర్ వాల్వ్ మీద భారం పెరుగుతుంది. యూరప్‌లో ఓనర్లు గట్టిగా అడిగాక కంపెనీ అప్‌డేట్‌తో సంబంధం ఉన్న 11 భాగాలకి 24 నెలల భరోసా ఇచ్చింది. కాబట్టి మీరూ అడగండి: ఈ అప్‌డేట్ వల్ల ఏదైనా పార్టు పోతే ఎవరు కట్టాలి, ఆ మాట మెయిల్‌లో ఇస్తారా?

మైలేజ్‌కి ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్ లెక్కే నమ్మండి, డ్యాష్‌బోర్డు మీద కనిపించే అంకె కాదు. ఒకే బంకు, ఆటో కట్ అయ్యేదాకా, మీరు రోజూ తిరిగే రూటు, కనీసం రెండు ట్యాంకులు, ప్రతిసారీ బిల్లుకీ ఓడోమీటర్‌కీ ఫోటో. పికప్ కోసం ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో 40 నుంచి 80 దాకా వెళ్తూ పక్క సీట్లో ఉన్నవాళ్ళతో స్పీడోమీటర్ వీడియో తీయించండి. ఏసీ ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా, ఎంతమంది ఎక్కారు అన్నది కూడా రాసుకోండి.

అసలు గొడవంతా జాబ్ కార్డు దగ్గరే, అంటే బండికి చేసే పనులు షోరూం వాళ్ళు రాసిచ్చే కాగితం. ఏ అప్‌డేట్ చేస్తున్నారు, పాత సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఏది, కొత్తది ఏది అన్నవి అందులో రాయమనండి. సిస్టమ్ తీసుకోదు అంటే పెన్నుతో రాసి సంతకం పెట్టమనండి, అదీ కుదరదంటే ఆ సాయంత్రమే షోరూంకీ కంపెనీకీ మెయిల్ కొట్టండి.

డబ్బులు అడిగితే ఒప్పుకోకండి. వారంటీ అయిపోయినా, మీరు సెకండ్ హ్యాండ్‌లో కొన్నా, రీకాల్ పని ఖర్చు కంపెనీదే. వారంటీకి ఏళ్ళు, కిలోమీటర్ల లెక్క ఉంటుంది, రీకాల్ అనేది తయారీలోనే ఉన్న లోపానికి. మోటారు వాహనాల చట్టం 110ఎ సెక్షన్ కింద లోపం ఉన్న బండ్లని వెనక్కి పిలిపించమని ప్రభుత్వం ఆదేశించవచ్చు, 2021 ఏప్రిల్ 1 నుంచి దీని నిబంధనలు అమల్లో ఉన్నాయి, ఏడేళ్ళలోపు వాహనాలకి వర్తిస్తాయి. సెకండ్ హ్యాండ్ బండి అయితే ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు కంపెనీ సైట్‌లో కొట్టి చూడండి, పాత ఓనరు నంబరుకే మెసేజ్ పోయి ఉండొచ్చు.

అప్‌డేట్ అయ్యాక మళ్ళీ రెండు ట్యాంకులు అదే పద్ధతిలో లెక్క తీయండి, మొదటి రోజే తేల్చేయకండి. తేడా నిజంగా ఉంటే టెక్నీషియన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని టెస్ట్ డ్రైవ్ చేసి ఆ ఫలితం జాబ్ కార్డులో రాయించండి. విసుగొచ్చి బయట రీమ్యాప్ (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పించడం) చేయించారంటే మాత్రం వారంటీతోపాటు మీ సాక్ష్యం కూడా పోతుంది.

కంపెనీ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్: బండి వరంగల్‌లో కొన్నా మీరు గుంటూరులో ఉంటే గుంటూరులోనే వేయొచ్చు, మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, 50 లక్షల దాకా అక్కడే వింటారు. సమస్య మొదలైన రెండేళ్ళలోపు వేయాలి, షోరూం వాళ్ళు "వచ్చే అప్‌డేట్‌లో సరిపోతుంది" అంటూ తిప్పుతున్నా ఆ గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది.