ప్లాస్టిక్ ఫైబర్‌కి చవకలో కలర్ ఫిల్టర్ పెట్టడం ఎలా?

ఒకే ప్లాస్టిక్ ఆప్టికల్ ఫైబర్‌లో ఎరుపు, నీలం ఎల్‌ఈడీల వెలుగు కలిపి పంపి, అవతలి కొసన ఎరుపు ఒక్కటే కావాలంటే మధ్యలో ఫిల్టర్ ఉండాలి. ఫోటోడయోడ్‌కి రంగులతో పనిలేదు, ఏ వెలుగు పడినా కరెంటు ఇచ్చేస్తుంది.

నల్ల తొడుగుతో కలిపి 2.2 మిల్లీమీటర్లుండే మామూలు ఫైబర్ తీసుకోండి. లోపలి తీగ 1 మిల్లీమీటరు. స్టేజి లైట్లకు కట్టే ఎర్ర జెల్ షీట్ చిన్న ముక్క, కొత్త బ్లేడు, వాటర్ పేపర్ (నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం; 600, 1000, 2000 నంబర్లు, అంకె పెరిగేకొద్దీ నునుపు), మందుల షాపు గ్లిజరిన్, ఫైబర్ బిగుతుగా దూరే గొట్టం. బెంగళూరులో ఉంటే ఎల్‌ఈడీలు, ఫోటోడయోడ్ ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారులో తెచ్చుకోండి. ఈ ఫిల్టర్ ఖర్చంతా ఒక పూట టిఫిన్ ఖర్చే.

ఇక అసలు పని, ఫైబర్‌ని మధ్యలో రెండుగా కోసి, ఆ రెండు కొసల్నీ నున్నగా చేయడం. నూటికి తొంభై మంది పాడుచేసేది ఇక్కడే. మా మేనల్లుడు కటింగ్ ప్లయర్‌తో టక్కున కత్తిరించి, "ఫిల్టర్ పనిచేయట్లేదు మామయ్యా" అన్నాడు. ఫిల్టర్ బాగానే ఉంది, కొస చితికిపోయింది. ప్లయర్ వద్దు. గట్టి చెక్క మీద పెట్టి బ్లేడుతో నిటారుగా ఒక్క ఒత్తున కోయాలి, రంపంలా లాగకూడదు.

తర్వాత మందపాటి అక్రిలిక్ ముక్కలో 2.2 మిల్లీమీటర్ల రంధ్రం నిటారుగా వేసి, ఫైబర్‌ని తొడుగుతో సహా దూర్చి, కొస వెంట్రుకవాసి బయటికి ఉంచండి. తడిపిన వాటర్ పేపర్ మీద, 600తో మొదలుపెట్టి 2000 దాకా, 8 అంకె వేసినట్టు తిప్పండి. చేత్తో పట్టుకుని రుద్దితే కొస పక్కకి వాలుతుంది, ఎంత ఓపికున్నా సరే. కాగితం మార్చిన ప్రతిసారీ కడగాలి. 600 కాగితం రేణువు ఒక్కటి మిగిలినా 2000 మీద చేసిందంతా వృథా. ఎసిటోన్‌తో మాత్రం తుడవకండి, ఈ ప్లాస్టిక్ కరిగి తెల్లబడుతుంది. నీళ్లు చాలు.

అవతలి కొసని కిటికీ వైపు పెట్టి, ఈ కొసని భూతద్దంలో చూడండి. గీతల్లేని వెలుగు బిళ్ల కనిపించాలి. ఒక గీత కనిపించినా మళ్లీ 1000 నుంచే.

నున్నగా చేసిన రెండు కొసల మధ్య జెల్ బిళ్ల పెట్టి గొట్టంలో ఒత్తండి. రెండు వైపులా చుక్క గ్లిజరిన్ వేయాలి, బుడగ ఉండకూడదు. అది లేకపోతే గాలి తగిలే ఒక్కో ముఖం దగ్గర దాదాపు 4 శాతం వెలుగు వెనక్కి పోతుంది, ఇక్కడ ముఖాలు నాలుగు.

ల్యాబుల్లో వాడే ఖరీదైన పూత ఫిల్టర్లు (గాజు మీద పలుచని పొరలు పూసినవి) తెమ్మనేవాళ్లుంటారు. వాటి మీద వెలుగు ఏటవాలుగా పడితే అవి వదిలే రంగు నీలం వైపు జరుగుతుంది. మన ఫైబర్ కొసనుంచి వెలుగు నలువైపులా 30 డిగ్రీల దాకా విచ్చుకుంటుంది, ఇక వేలు పోసి ఏం లాభం? జెల్‌లో రంగే వెలుగుని మింగేస్తుంది కాబట్టి కోణం పట్టింపు తక్కువ.

చీకట్లో నీలం ఎల్‌ఈడీ పెట్టి చూడండి, ఏమీ కనిపించకూడదు. అయినా ఫోటోడయోడ్ రీడింగ్ చూపిస్తోందా? ఈ జెల్ కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపదు, ఎండలో అది దండిగా ఉంటుంది. ఎండ పడే బల్ల మీద కూర్చుని ఫిల్టర్‌ని తిట్టకుండా, ముందు జాయింటుకీ రిసీవర్‌కీ నల్ల టేపు చుట్టండి.