సముద్రం దాటే తెరచాప రోబో: చుక్కాని షాఫ్ట్‌లోంచి నీళ్లు చొరకుండా ఎలా చేయాలి?

మనిషి లేని తెరచాప పడవలు అట్లాంటిక్ దాటే మైక్రోట్రాన్సాట్ పోటీలో మొదటిసారి ఆవలి ఒడ్డు చేరింది నార్వే వాళ్ల 'ఎస్‌బీ మెట్'. అది 2018లో న్యూఫౌండ్‌లాండ్ నుంచి ఐర్లాండ్‌కు వెళ్లింది. ఆ పోటీలో పడవ పొడవు 2.4 మీటర్లు మించకూడదు. మీరు కట్టే మొదటి పడవకు 1.2 మీటర్లు చాలు.

సామాను: ఎక్స్‌పీఎస్ ఫోమ్ (గట్టి పాలిస్టైరిన్ నురుగు పలక), గ్లాస్ ఫైబర్ క్లాత్, ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు), కీల్ (పడవ కింద నిలువుగా ఉండే రెక్క) అడుగుకు సీసం, 10 వాట్ల సోలార్ ప్యానెల్, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, జీపీఎస్, దిక్సూచి సెన్సర్, చిన్న కంట్రోలర్ బోర్డు. పాలిస్టర్ రెసిన్ జోలికి పోవద్దు, అది ఫోమ్‌ను కరిగించేస్తుంది. హల్‌కు, అంటే పడవ ఒంటికి, తెల్ల రంగే వేయాలి. తెరచాప తాడును లాగే మోటారుకు వర్మ్ గేర్ పెట్టండి. కరెంటు ఆపినా తెరచాప పెట్టినచోటే నిలుస్తుంది.

ఫోమ్ కోసి, నున్నగా చేసి, రెండు పొరల క్లాత్ వేయండి. ఏప్రిల్, మే నెలల్లో వరంగల్ ఎండకు ఎపాక్సీ గిన్నెలోనే పొగలు కక్కి గట్టిపడుతుంది. అందుకే తెల్లవారుజామునే, వంద గ్రాములకు మించకుండా, వెడల్పాటి పళ్లెంలో కలపాలి. వానకాలంలో ఆరిన పొర మీద జిడ్డు తేలుతుంది. గోరువెచ్చని నీళ్లతో తుడిచి, గీకి, ఆ తర్వాతే రెండో పొర వేయాలి.

ఇక చుక్కాని షాఫ్ట్, అంటే చుక్కానిని తిప్పే కడ్డీ. చాలామంది పనిని పాడు చేసుకునేది ఇక్కడే.

నీళ్లు అలల దెబ్బకు లోపలికి వస్తాయనుకుని ఓ-రింగుల (రబ్బరు వలయాల) మీద ఓ-రింగులు బిగిస్తారు. అసలు కారణం వేడి. మధ్యాహ్నం హల్ లోపలి గాలి 60 డిగ్రీలకు చేరి, రాత్రికి 28కి చల్లారితే, దాని ఒత్తిడి దాదాపు పదో వంతు పడిపోతుంది. అంటే మీటరు ఎత్తు నీళ్లను పైకి లాగేంత పీల్పు. ఇది రోజూ జరుగుతుంది. ఏ సీలూ నెలల తరబడి దీన్ని ఆపలేదు.

కాబట్టి ముందు లోపలి గాలిని తగ్గించండి. ఖాళీలన్నీ ఫోమ్‌తో నింపి, ఎలక్ట్రానిక్స్‌కు విడిగా మూతపెట్టె పెట్టండి. తర్వాత షాఫ్ట్ నడిచే గొట్టం పై అంచును నీటిమట్టం కంటే కనీసం 10 సెంటీమీటర్లు పైకి తీసుకురండి.

షాఫ్ట్ 8 మిల్లీమీటర్ల 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలే ఉండాలి, 304 రకం ఉప్పునీటికి గుంటలు పడుతుంది. గొట్టం గ్లాస్ ఫైబర్‌ది. ఇత్తడి గొట్టం వద్దు, ఉప్పునీటిలో స్టీలు పక్కన ఉంటే ఇత్తడే ముందు తినిపోతుంది. పైనొకటి, కిందొకటి డెల్రిన్ (గట్టి ప్లాస్టిక్) బుష్‌లు, అంటే షాఫ్ట్ తిరిగే తొడుగులు, లేత్ షాపులో తిప్పించండి, రంధ్రం 8.1 ఉండాలి. నైలాన్ చవకే కానీ నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, నాలుగు రోజులకు చుక్కాని బిగుసుకుపోయి దాన్ని తిప్పే సర్వో మోటారు కాలిపోతుంది. బుష్‌ల మధ్య ఖాళీ మొత్తం మెరైన్ గ్రీజుతో కూరి, కింది బుష్ పైన ఒక్క ఓ-రింగ్ పెట్టండి. ఒక్కటే! రెండోది పెడితే రాపిడి పెరిగి బ్యాటరీ తినేస్తుంది.

గొట్టం అతికించేటప్పుడు రెండు బుష్‌లూ, మైనం రాసిన షాఫ్టూ లోపలే ఉండాలి. విడిగా అతికిస్తే రెండు బుష్‌లూ ఒకే గీతలో కూర్చోవు. ఆరాక రెండు వేళ్లతో తిప్పితే తిరగాలి. ఎక్కడైనా పట్టేస్తే గొట్టం కోసి మళ్లీ అతికించండి. గ్రీజు పెడితే సర్దుకుంటుందని వదలొద్దు.

కొందరు రంధ్రమే లేకుండా, హల్ గోడకు అటూ ఇటూ అయస్కాంతాలు పెట్టి చుక్కానిని తిప్పుతారు. చెరువులో బాగానే ఉంటుంది. పెద్ద అల చుక్కానిని పక్కకు కొట్టినప్పుడు అయస్కాంతం పట్టు జారుతుంది, చుక్కాని ఎటు తిరిగి ఉందో కంట్రోలర్‌కు తెలియదు. గ్రీజు గొట్టమే మేలు.

పరీక్షకు మన ఎండే సాయం. హల్ అడుగున పొడి న్యూస్‌పేపర్ పరిచి, మూత బిగించి, మూడు గంటలు ఎండలో ఉంచి, వెంటనే చల్లటి నీళ్ల తొట్టిలో షాఫ్ట్ మునిగేలా దించండి. గంట తర్వాత తెరిస్తే తడి మరక ఎక్కడుందో కాగితమే చూపిస్తుంది. వారం పాటు రోజూ చేయాలి.

మరక పడకపోతే వరంగల్ దగ్గరి ధర్మసాగర్ రిజర్వాయర్‌లో, అనుమతి తీసుకుని, తాడు కట్టి వదలండి. గాలికి ఎదురుగా ఇరువైపులా 45 డిగ్రీల లోపు పడవ నడవదు, ప్రోగ్రాంలో ఆ దిశ వస్తే వంకరగా తిప్పుకుంటూ పోవాలి. చెరువులో సమాచారానికి మామూలు సిమ్ మాడ్యూల్ సరిపోతుంది. సముద్రానికి ఇరిడియం ఉపగ్రహ మోడెమ్ కావాలి, మన దేశంలో దాన్ని టెలికం శాఖ అనుమతి లేకుండా వాడకూడదు. దరఖాస్తు హల్ మొదలుపెట్టిన రోజే పెట్టండి.