సంపులో చెయ్యి పెట్టే ముందు ప్లగ్ పీకండి

వానలు మొదలైతే హైదరాబాద్ పేపర్లలో ఒకే రకం వార్త మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. సంపు కడగడానికి దిగిన మనిషి, సెల్లార్లో నీళ్లు తోడబోయిన వాచ్‌మన్, నల్లాకు మోటారు బిగించబోయిన ఇంటాయన కరెంటు షాక్‌తో పోయారని. తడి చేతులతో స్విచ్ ముట్టుకోవద్దని అందరికీ తెలుసు, అది వదిలేద్దాం. మనుషుల్ని చంపుతున్న తప్పు వేరే ఉంది. మోటారు స్విచ్ ఆపేసి, కరెంటు ఆగిందనుకుని నీళ్లలో దిగడం.

ఇళ్లలో చాలా స్విచ్‌లు ఒక్క వైరునే తెంపుతాయి. అది కరెంటు తెచ్చే ఫేజ్ వైరు అయితే సరే. వైరింగ్‌లో ఫేజ్, న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) తారుమారైతే స్విచ్ న్యూట్రల్‌ను తెంపుతుంది. స్విచ్ ప్లగ్‌కూ మోటారుకూ మధ్య ఉంటే, రెండు పిన్నుల ప్లగ్ తిప్పి పెట్టినా చాలు. మోటారు తిరగదు గానీ 230 వోల్టులు వైండింగ్ (మోటారు లోపలి తీగచుట్ట) దాకా వచ్చే ఉంటాయి. సీలు పోయిన సబ్‌మెర్సిబుల్ (నీళ్లలో మునిగి ఉండే మోటారు) అయితే ఆ కరెంటు సంపు నీళ్లలోకే దిగుతుంది.

అపార్ట్‌మెంట్లలో ఇంకో ప్రమాదం ఆటోమేటిక్ కంట్రోలర్. మోటారు ఆగి ఉందని దిగుతారు. పైన ట్యాంకులో మట్టం తగ్గగానే అది తనంతట తనే ఆన్ అవుతుంది. కరెంటు పోయింది కదా అని దిగడమూ ఇదే తప్పు. మీ చెయ్యి నీళ్లలో ఉండగానే లైన్ తిరిగి రావచ్చు, జనరేటర్ అందుకోవచ్చు.

కాబట్టి వరస ఇది. ముందు ప్యానెల్లో మెయిన్ ఆపండి, ఫేజ్, న్యూట్రల్ రెండూ తెంపే డబుల్ పోల్‌ది. తరవాత ప్లగ్ పీకి, వైరు చుట్టి మనిషి ఎత్తున పెట్టండి. ప్లగ్ లేని మోటారైతే ఎలక్ట్రీషియన్‌తో రెండు వైర్లూ విప్పించండి. ఆ తరవాతే సంపు మూత. స్విచ్ ఒక్కటే ఆపి దిగొద్దు.

ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే బ్రేకర్) ఉంది కదా అనుకోకండి. అది వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. గుండె ఆగడానికి ఆంపియర్‌లో పదో వంతు చాలు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. మోటారు లైనుకు కరెంటు లీకైతే వెంటనే తెంపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి, నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడండి. నొక్కినా కరెంటు తెగకపోతే మార్చండి. ఎర్త్ కూడా సరిగా ఉండాలి.

నల్లాకు నేరుగా మోటారు పెట్టడం గురించి ఒక మాట. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌కు నల్లా నీళ్లిచ్చే జలమండలి ఇలాంటి మోటార్లు జప్తు చేసి 5,000 రూపాయల జరిమానా వేయడం మొదలుపెట్టింది. జరిమానా సంగతి అలా ఉంచి, మోటారు లాగినప్పుడు పైపులో ప్రెషర్ పడిపోయి, కారే జాయింట్ల దగ్గర పక్కనున్న మురుగు లోపలికి వస్తుంది. 2009లో హైదరాబాద్ భోలక్‌పూర్‌లో కలుషిత నీళ్లు తాగి మనుషులు చనిపోయారు. మీ ఒక్క మోటారు గల్లీ అందరి బిందెల్లోకి మురుగు తెస్తుంది.

ఇక మిగతావి:

సబ్‌మెర్సిబుల్‌ను వైరు పట్టి పైకి లాగొద్దు. తాడు కట్టండి. వైరు లాగితే మోటారు దగ్గర సీలు వదులై నీళ్లు దూరతాయి.

నీళ్లలో ఉండే వైరుకు మామూలు టేపు జాయింటు వద్దు.

రోజుల తరబడి మూసి ఉన్న సంపు మూత తీయగానే దిగొద్దు, లోపల గాలి చాలదు. సెంట్రింగ్ చెక్కలు తీయని కొత్త సంపు మరీ ప్రమాదం. కొన్ని గంటలు తెరిచి ఉంచి, ఫ్యాన్ గాలి పైనుంచే కొట్టించండి. నడుముకు తాడు కట్టాలి, పైన ఇద్దరుండాలి. లోపల పడిపోయినవాణ్ణి తీయడానికి ఇంకొకరు దూకొద్దు. తాడుతోనే లాగండి.

పెట్రోల్ ఇంజన్‌తో నడిచే నీళ్ల పంపును సెల్లార్ లోపల నడపొద్దు.

వాన గట్టిగా పడుతుంటే లిఫ్టును పై అంతస్తులో ఆపి మెయిన్ తీసేయండి.

మీటర్ బోర్డులున్న సెల్లార్లోకి నీళ్లొస్తే బండి కోసం దిగొద్దు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి, లైన్‌మన్ బయట సప్లై తెంపేదాకా మెట్ల మీదే ఆగండి.

వరద నీళ్లు చేరిన సంపు నీళ్లు వాడొద్దు. తోడించి, గోడలు కడిగించి, మంచి నీళ్లు నింపాక వెయ్యి లీటర్లకు 25 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ 4 గ్రాములు బకెట్లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పై తేట మాత్రమే పోయండి. గంట ఆగి వాడండి. నల్లాలోనే వాసనొస్తే జలమండలి నంబరు 155313కు చెప్పండి.

షాక్ కొట్టిన మనిషిని ముట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆపండి, తరవాత 108. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్య నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి, అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు.

మోటారు మళ్లీ పెట్టేటప్పుడు కూడా ప్లగ్ ఆఖరునే. మనిషి పైకొచ్చి, మూత పడ్డాక.